ఏ మందుకు లొంగుతుందీ క్రిమి?

ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆగని వాంతులు, ఉన్నట్టుండి ఫిట్స్... మెడ వంచబోతే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. 'వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలి' అని డాక్టరు అనగానే ఇంటిల్లిపాదికీ భయం. 'కాళ్లు పడిపోతాయట' అని ఎవరో ఒకరు అననే అంటారు. విలువైన గంటలు ఆ తర్జనభర్జనలోనే గడిచిపోతుంటాయి.

నిజానికి ఆ సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకి కింద, నడుము దగ్గర. తీసేది కొద్ది చుక్కలే. మెదడులో ఒత్తిడి బాగా పెరిగినా, రక్తం సరిగ్గా గడ్డకట్టకపోయినా డాక్టర్లే పరీక్షను వాయిదా వేస్తారు. మందు మాత్రం ఆపరు.

మెదడును కప్పి ఉంచే పొరలకు బ్యాక్టీరియా సోకితే వచ్చేదే ఈ మెనింజైటిస్. పిల్లల్లో ప్రధాన కారకాలు న్యూమోకాకస్, హిబ్, మెనింగోకాకస్. నెలలోపు పసికందుల్లో ఈ.కొలి, క్లెబ్సియెల్లా వంటివి.

పళ్లెంలో పరీక్ష
అనుమానం రాగానే సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్, అవసరాన్నిబట్టి వాంకోమైసిన్ కలిపి మొదలుపెడతారు. ఈలోగా ల్యాబ్‌లో ఆ నీటిలోని క్రిమిని గాజుపళ్లెంలో పెంచుతారు. దానిమీద రకరకాల యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. బిళ్ల చుట్టూ క్రిమి పెరగకుండా ఎంత మేర ఖాళీ ఏర్పడిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. అదే సెన్సిటివిటీ రిపోర్టు. చేతికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. దాన్నిబట్టే మందు కొనసాగించాలా, మార్చాలా అన్నది తేలుతుంది.

ఒకే క్రిమి... రెండు తీర్పులు!
చిత్రమేమిటంటే, ఊపిరితిత్తుల్లో పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి లొంగే న్యూమోకాకస్ మెదడు పొరల్లో లొంగకపోవచ్చు. రక్తంలోని మందు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి కొద్దిగానే చేరడం ఇందుకు కారణం. అందుకే 2008లో అమెరికా ప్రమాణాల సంస్థ రెండు కొలతలు పెట్టింది. న్యుమోనియాలో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల పెన్సిలిన్‌కి లొంగినా 'లొంగినట్టే'. మెనింజైటిస్‌లో మాత్రం 0.06కే లొంగాలి!

క్రిములు మొండికేయడం కొత్త కాదు. 1974లో అమెరికాలో ఆంపిసిలిన్‌కి లొంగని హిబ్ బయటపడింది. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పెన్సిలిన్‌కి లొంగని న్యూమోకాకస్ పిల్లల్లో కనిపించింది.

సగం సిరప్‌తో చేటు
జ్వరం రాగానే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పట్టించడం, కాస్త తగ్గగానే ఆపేయడం మనకి అలవాటు. దీనివల్ల క్రిములు మొండిబారతాయి. అంతేకాదు, ముందే రెండు డోసులు పడితే ల్యాబ్‌లో క్రిమి పెరగకపోవచ్చు. అంటే జబ్బూ తగ్గదు, క్రిమి పేరూ తెలియదు! అందుకే అంతకుముందు ఏ మందు వేశారో డాక్టరుకి దాచకుండా చెప్పాలి.

అసలు రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. హిబ్‌ను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకి. న్యూమోకాకల్ టీకా 6, 14 వారాలకి, 9వ నెలలో ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. మొదటిది 2011లో కేరళ, తమిళనాడుల్లో మొదలైంది. రెండోది 2021లో దేశమంతటికీ విస్తరించింది.

గుర్తుంచుకోండి
* పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, మాడు ఉబ్బడం, కీచుగా ఏడవడం... చంటిపిల్లల్లో ఇవి ప్రమాద సూచనలు. మెడ బిగుసుకుపోయేదాకా చూడొద్దు.
* జ్వరం తగ్గిందని ఇంజెక్షన్ల కోర్సు మధ్యలో మానొద్దు.
* జబ్బు నయమయ్యాక వినికిడి పరీక్ష తప్పనిసరి. ఈ జబ్బు కొందరు పిల్లల చెవులను దెబ్బతీస్తుంది.