రెండు రిసోర్సులు వచ్చాయి

ప్రతి వృత్తికీ తనదైన పరిభాష ఉంటుంది. కుమ్మరికి సారె, వాము. సేద్యగానికి కాడి, మేడి. నేతగానికి పడుగు, పేక, నాడె, అచ్చు. ఈ మాటలను ఏ పండిత పరిషత్తూ సమావేశమై నిర్ణయించలేదు. పనిచేసే చేతుల నడుమ పుట్టి, తరతరాల వాడుకలో అరిగి నునుపెక్కిన మాటలివి. మన కళ్ళ ఎదుట పుట్టి, లక్షలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెడుతున్న వృత్తి సాఫ్ట్‌వేర్. 1998లో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి లెక్కించినా పాతికేళ్ళు దాటింది. ఆ పనికి తెలుగులో మాటలేవి?

ఈ సందేహాన్ని నాలో రేపినవాడు నా పూర్వవిద్యార్థి ఒకడు. మంగళగిరిలో నేత కుటుంబంలో పుట్టి, ఇంజనీరై, పదిహేనేళ్ళుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను చూడడానికి వస్తాడు, నవ్వించకుండా వెళ్ళడు.

"మాస్టారూ, బడిలో పాఠం రాకపోతే బెంచీ ఎక్కించేవారు. మా దగ్గర పాఠమంతా వచ్చినా బెంచీ మీద కూర్చోబెడతారు" అన్నాడొకసారి. చేతిలోని ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరకని స్థితికి 'బెంచి' అని పేరట. జీతం వస్తుంది, పని ఉండదు. సుఖమే కదా అన్నాను. "మొదటి వారం సుఖమేనండీ. రెండో వారం నుంచి క్యాంటీనులో ఇడ్లీకి రుచి తెలియదు."

గడియారం సంగతి మరీ విచిత్రం. న్యూజెర్సీలో ఉదయం 9 గంటలకు బల్ల దగ్గర కూర్చునే క్లయింటు కోసం ఇతడు చలికాలంలో రాత్రి 7.30 గంటలకు సిద్ధంగా ఉండాలి. మార్చి నెల రెండో ఆదివారం అమెరికా వారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటారు. ఆ మరునాటినుండి ఇక్కడ ఆ సమావేశం సాయంత్రం 6.30 గంటలకే. నవంబరు మొదటి ఆదివారం వారు ముల్లును వెనక్కు తిప్పగానే ఇక్కడ భోజనాల వేళ మళ్ళీ మారుతుంది. "మా ఆవిడ గోడమీది పంచాంగంలో ఉగాదితో పాటు ఆ రెండు ఆదివారాలకూ సున్నా చుట్టి పెట్టింది మాస్టారూ" అన్నాడు.

వీటన్నిటికీ నవ్వాను. నవ్వలేకపోయిన మాట ఒకటి ఉంది. ఒకనాడు నా ఎదుటనే అతనికి ఫోను వచ్చింది. అవతలి వ్యక్తికి అతడు తెలుగులోనే చెప్పిన వాక్యం ఇది: "మొన్న రెండు రిసోర్సులు వచ్చాయి, ఇంకొకటి కావాలి." యంత్రాలేమో అనుకున్నాను. మనుషులట. ఒకరిది రాజమండ్రి, ఒకరిది కరీంనగర్.

ఇంగ్లీషు మాటలు వాడుతున్నారన్నది నా ఆక్షేపణ కాదు. రైలూ కాఫీ మనవి కాలేదా? నన్ను కలవరపెట్టింది ఆ వాక్యంలోని తెలుగు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అనే విభాగాన్ని మీరు చదివే ఉంటారు. పురుషులను తెలిపే మాటలు మహత్తులు, తక్కినవి అమహత్తులు. స్త్రీలను తెలిపే మాటలు ఏకవచనంలో అమహత్తుల సరసన నిలిచినా బహువచనంలో మహత్తులతో చేరుతాయి. (ఏకవచనంలో ఆ అన్యాయమెందుకన్నది వేరొక వ్యాసానికి సరిపడే తగవు.) కనుక ఆడవారైనా మగవారైనా 'ఇద్దరు వచ్చారు' అంటాం, ఎద్దులో బస్తాలో అయితే 'రెండు వచ్చాయి' అంటాం. మనిషిని రిసోర్సు అనగానే 'ఇద్దరు' కాస్తా 'రెండు' అయింది, 'వచ్చారు' కాస్తా 'వచ్చాయి' అయింది. ఇంగ్లీషులో ఈ మార్పు క్రియలో కనిపించదు. తెలుగు క్రియ గుట్టు దాచలేదు. ఆ మాట వెనుక ఉన్న చూపును అది వెంటనే బయటపెట్టేసింది.

ఇది చాదస్తమని మీకు తోచవచ్చు. అతనికీ అలాగే తోచింది. "అలవాటు మాస్టారూ, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. అనుకోకపోవడమే నా బాధ. పేరు తెలియని రెండింటిని వెనక్కు పంపడం, పేరు తెలిసిన ఇద్దరిని పంపడమంత కష్టం కాదు. మూడేళ్ళ క్రితం ఇతణ్ణి కూడా ఒక ప్రాజెక్టు నుండి అదే మాటతో 'విడుదల' చేశారు. ఆ ఉత్తరంలో ఇతని పేరు లేదు, ఒక సంఖ్య ఉంది. మీలో చాలామంది రేపు ఆ కార్యాలయాల మెట్లు ఎక్కవలసినవారే. అక్కడ ఏ భాషలో పనిచేసినా సరే, తెలుగులో మాట్లాడినప్పుడు మాత్రం మనుషులను 'ఇద్దరు' అనండి. దానివల్ల కంపెనీకి కలిగే నష్టం ఏమీ ఉండదు.

ఇక మాటలేవి అన్న నా సందేహానికి సమాధానం నాకు నిఘంటువులో దొరకలేదు. 2020 మార్చిలో కరోనా వల్ల కార్యాలయాలు మూతపడగా అతడు మంగళగిరి చేరి, ఇంటినుండే పనిచేశాడు. ముందుగదిలో తండ్రి గుంట మగ్గం, వెనుకగదిలో కొడుకు ల్యాప్‌టాప్. తాను మాట్లాడే వంతు రాగానే తలుపు మూసి, మాట ముగిసిన మరుక్షణం మైకు ఆపేసుకునేవాడట. ఆ చప్పుడేమిటని ఎవరైనా అడిగితే పక్కింట్లో కట్టుబడి జరుగుతోందనేవాడట. కొన్ని నెలలు అలా గడిచాక ఒక రాత్రి న్యూజెర్సీ ఆసామి మళ్ళీ అడిగాడు. "అది మా నాన్నగారి మగ్గం" అన్నాడు ఇతడు. అవతలివారు చూపించమన్నారు. ల్యాప్‌టాప్ ముందుగదిలోకి తీసుకువెళ్ళి చూపించాడు.

వారు వెళ్ళిపోయాక తండ్రి అడిగాడట, "నా పని వాళ్ళు చూశారు సరే, ఇంతకీ నువ్వు నేసేదేమిట్రా?" అని.

పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్నకు 'కంప్యూటరు పని' అన్నదే అతని జవాబు. ఆ రాత్రి మాత్రం కాసేపు ఆలోచించి, "నేను కొత్తగా నేసేది తక్కువ నాన్నా. ఎవరో నేసిన దాంట్లో తెగిన పోగు ఎక్కడుందో వెతికి ముడివేస్తాను" అన్నాడట.

"ముడి పైకి కనిపిస్తుందా?"

"కనిపించకూడదు."

"అయితే అది కష్టమే" అని ఆయన మళ్ళీ గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నాడట.