కూలీ మస్టరు ఊరికి చదివాం, కాంట్రాక్టరు అంచనా ఎందుకు చదవం?

ఈడీ కార్యాలయం మా బషీర్‌బాగ్‌లోనే ఉంది. పేరున్నవాళ్లను విచారణకు పిలిచిన రోజున ఆ రోడ్డంతా టీవీ వ్యాన్లే. చూసేవాళ్లకు దొంగ దొరికాడన్న తృప్తి కలుగుతుందేమో. సాగునీటి పనుల బిల్లులు పరిశీలించే అకౌంట్స్ విభాగంలో ఉద్యోగమంతా గడిపిన నాకు మాత్రం దిగులే మిగులుతుంది. డబ్బు చేతులు మారి ఏళ్లు గడిచాక జరిగే తతంగం అది. ఆ డబ్బు జారిపోయే చోటు ఒక కాగితం మీద ఉంటుంది. దాన్ని ఎస్టిమేట్ అంటాం.

మన దగ్గర అంచనా విలువ మీద 5 శాతానికి మించి ఎక్సెస్ కోట్ చేస్తే టెండరు ఒప్పుకోరాదన్న నియమం పెట్టుకున్నాం. వినడానికి గట్టి కట్టడే. కానీ అంచనాలోనే ధరలు పెంచి పెడితే? అప్పుడు లెస్‌కు, అంటే అంచనా కన్నా తక్కువకు, వేసినవాడు కూడా లాభపడతాడు. ప్రభుత్వానికి డబ్బు ఆదా చేసిన పేరు కూడా అతనికే దక్కుతుంది. తనిఖీ చేసేవాడికి ప్రతి కాగితం మీదా సంతకం, ముద్ర సరిగ్గానే కనిపిస్తాయి.

ఒక వరద ఏడాది చెరువు గండ్లు పూడ్చే పనులను నామినేషన్ మీద ఇచ్చారు. ఊళ్లు నీళ్లలో ఉన్నాయి, టెండర్లు పిలిచే వ్యవధి లేదు, యుద్ధ ప్రాతిపదికన పూర్తి చేయాలన్నారు. అందులో తప్పు లేదు. అయితే నా బల్ల మీదికొచ్చిన బిల్లులో మట్టికి ముప్పై కిలోమీటర్ల లీడ్, అంటే మోసుకొచ్చిన దూరం, వేసి ఉంది. గండికి కూతవేటు దూరంలోనే మొరం గుట్ట ఉందని, అక్కణ్ణుంచే ట్రాక్టర్లు తిరిగాయని ఆ ఊరివాడైన మా అటెండరు చెప్పాడు. నేను అబ్జెక్షన్ రాశాను. "జనం మునిగిపోతుంటే మీరు కిలోమీటర్లు లెక్కపెడుతున్నారా?" అని పైనుంచి ఫోనొచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ ఫైలు నా సీటు నుంచి మరో సీటుకు వెళ్లింది, బిల్లు పాసైంది. జనం కష్టం నిజం. ముప్పై కిలోమీటర్లు అబద్ధం. మొదటిదాన్ని అడ్డుపెట్టి రెండోదాన్ని దాటించారు.

యుద్ధకాలంలో ప్రపంచమంతటా జరిగింది ఇదే. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టి సొమ్ము చేసుకున్న కాంట్రాక్టర్ల ఆగడాలు భరించలేక 1863లో లింకన్ కాలంలో తప్పుడు క్లెయిముల చట్టం తెచ్చారు. మన దేశంలో రెండో ప్రపంచ యుద్ధం నాడు యుద్ధ, సరఫరా శాఖ కొనుగోళ్లలో లంచాలు పట్టడానికి 1941లో స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ పెట్టారు. అదే 1963లో సీబీఐ అయింది. యుద్ధకాలపు కొనుగోళ్ల అవినీతిలోంచే మన సీబీఐ పుట్టిందని ఎంతమందికి తెలుసు?

ఇరాక్ సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. యుద్ధం తర్వాత అక్కడికి కువైట్ నుంచి తెచ్చిన ఇంధనానికి హాలిబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్ 6 కోట్ల 10 లక్షల డాలర్ల దాకా ఎక్కువ వసూలు చేసి ఉండవచ్చని పెంటగాన్ ఆడిటర్లు 2003 డిసెంబరులోనే చెప్పారు. తర్వాత ఆ కాంట్రాక్టులో వాళ్లు అభ్యంతరం పెట్టిన ఖర్చు దాదాపు 26 కోట్ల 30 లక్షల డాలర్లకు చేరింది. 2006లో సైన్యం అందులో కోటి డాలర్లు మాత్రం ఆపి మిగతాదంతా చెల్లించేసింది. ఆడిటరు సకాలంలోనే చెప్పాడు. యుద్ధంలో అలాగే ఉంటుందన్న ఒక్క మాట ముందు అతని లెక్క నిలవలేదు.

మనకు యుద్ధం లేదు. యుద్ధ ప్రాతిపదిక మాత్రం ఉంది. కాళేశ్వరం కట్టిన వేగం చూసి నేనూ సంతోషించాను. కేంద్ర జల సంఘం ఆమోదించిన డీపీఆర్‌లో ఖర్చు 81,911 కోట్లు. అది 1,47,427 కోట్లు దాటవచ్చని 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. అదే నివేదికలో నాలాంటి వాడి కన్ను ఆగేది పంపుల దగ్గర. నాలుగు పనుల్లో పంపులు, మోటార్ల ధరలను మార్కెట్లో విచారించకుండానే అంచనాల్లో వేశారని, బీహెచ్ఈఎల్ సరఫరా చేసిన ధరతో పోలిస్తే కాంట్రాక్టర్లకు కనీసం 2,684 కోట్ల అనుచిత లబ్ధి కలిగి ఉండవచ్చని కాగ్ రాసింది. నా బిల్లులోని ముప్పై కిలోమీటర్ల లీడే ఇక్కడ పంపు రూపంలో కనిపించింది నాకు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగాక దేశమంతా బ్యారేజీ గురించే మాట్లాడింది. కుంగిన కాంక్రీటు కెమెరాకు దొరుకుతుంది, అంచనాలో పెరిగిన ధర దొరకదు. జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషన్ 2025 జులైలో నివేదిక ఇచ్చాక, సెప్టెంబరు మొదట్లో శాసనసభ వేదికగా ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తామంది. నేరం ఎవరిదో న్యాయస్థానం తేల్చాలి. ఆ పని నాది కాదు. నా బాధ వచ్చే ప్రాజెక్టు గురించి.

ఎందుకంటే చివరికి బిల్లు కట్టేది మనమే. కాళేశ్వరం కరెంటుకే ఏటా పది వేల కోట్లకు పైగా కావాలని కాగ్ లెక్కకట్టింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద జనం అసెంబ్లీకి బయలుదేరితే ఇదే బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ ప్రాణాలు పోయాయి. ప్రభుత్వ ఖర్చులు ఎలా పెరుగుతాయో అడిగే హక్కు మనకుందని వాళ్ల తర్వాతా గట్టిగా చెప్పకపోతే ఎట్లా?

అడిగే పద్ధతి మనకు కొత్త కాదు. 2006లో ఉమ్మడి రాష్ట్రంలోనే ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. గ్రామసభలో మస్టరు రోలు పైకి చదివారు. ఫలానా లక్ష్మమ్మ ఎన్ని రోజులు మట్టి తవ్వింది, ఎంత తీసుకుంది అని ఊరంతా విన్నది. చేయని పనికి కూలి రాసుకున్న మేట్లు అక్కడికక్కడే దొరికిపోయారు. రోజుకు వందో రెండొందలో తీసుకున్న లక్ష్మమ్మ లెక్క ఊరికి తెలియాలి గానీ, వేల కోట్లు తీసుకునే కంపెనీ పంపుకు ఏ ధర వేశారో తెలియకూడదా? ఈ తేడా నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ప్రతి పెద్ద పనికీ అంచనాలోని రేట్ అనాలిసిస్, లీడ్ స్టేట్‌మెంటు, యంత్రాలకు తెచ్చిన కొటేషన్లు టెండరు పిలిచే ముందే ఆన్‌లైన్‌లో పెట్టాలి. పని నడుస్తుండగా ఎం-బుక్కు (కొలతల పుస్తకం) పేజీలు బిల్లు పాసయ్యేలోగా పెట్టాలి. అత్యవసరమని నామినేషన్ మీద ఇస్తే ఇవ్వండి, కానీ ఆ బిల్లులు మరింత ముందుగా జనం ముందుకు రావాలి. అమెరికా చట్టంలో మోసం బయటపెట్టినవారికి, రాబట్టిన సొమ్ములో 15 నుంచి 30 శాతం దాకా వస్తుంది. మన దగ్గర బహుమానం అక్కర్లేదు, రక్షణ ఉంటే చాలు. సమాచారం ఇచ్చేవారిని కాపాడే చట్టాన్ని పార్లమెంటు 2014లోనే చేసింది. దాన్ని ఇంతవరకు అమల్లోకి తేలేదు.

మీ నియోజకవర్గంలో శంకుస్థాపన చేయడానికి మంత్రి వస్తే, ఎన్ని కోట్లని అడగకండి. అంచనా కాగితం ఎక్కడ చూడొచ్చో అడగండి.