పాట తేలింది... సినిమా మునిగింది

ఆ మధ్య కోనసీమలో ఓ పెళ్లికి వెళ్లాం. భోజనాలు అయిపోయాయి. తాంబూలాలు పుచ్చుకుని పెద్దాళ్లంతా కుర్చీలు కొబ్బరిచెట్ల నీడలోకి లాక్కున్నారు. ఆర్కెస్ట్రావాళ్లు 'వయ్యారి గోదారమ్మ' అందుకున్నారు. అంతే! వడ్డన చేసి అలిసిపోయిన కుర్రాళ్ల దగ్గర్నుంచి మనవణ్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న మామ్మగారిదాకా అందరూ పెదవులు కదపడమే. మాట తప్పకుండా పాడేస్తున్నారు.

పాటయ్యాక పక్కనున్న కుర్రాళ్లని అడిగాను, "ఇది ఏ సినిమాలోదిరా?" అని.

"గోదావరి కదండీ" అన్నాడొకడు. "కాదెహె, సితార" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు తెలివైనవాడు, సెల్‌ఫోన్ తీశాడు. వాడు వెతికేలోపు వెనక కుర్చీలోంచి ఓ పెద్దాయన "ప్రేమించు పెళ్ళాడు. 1985. రాజేంద్రప్రసాద్, భానుప్రియ" అన్నారు. అబ్బ, ఒక్కరైనా దొరికారనుకుని "సినిమా ఎలా ఉంటుందండీ?" అన్నాను.

"చూళ్లేదండీ" అన్నారాయన. "ఆ రోజుల్లో చూద్దామనుకునేలోపే ఎత్తేశారు."

అదీ సంగతి. వేటూరి రాసి, ఇళయరాజా బాణీ కట్టిన ఆ పాట గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకి విధిగా పాడాల్సిన మంత్రంలా అయిపోయింది. సినిమా మాత్రం ఎవరికీ పట్టలేదు. రాజేంద్రప్రసాద్ పూర్తిస్థాయి హీరోగా నిలబడింది అందులోనే. కానీ జనం ఆయన్ని హీరోగా ఒప్పుకుంది మరుసటి ఏడాది, అదే వంశీ తీసిన 'లేడీస్ టైలర్'తో.

ఇలాంటివి మనకి చాలానే ఉన్నాయి. పాట తేలుతుంది, సినిమా మునుగుతుంది. మనం ఒడ్డున నిలబడి పాట పాడుకుంటూ, కింద ఏం మునిగిందో చూడం. ఈ ఆదివారం అలాంటివి రెండుమూడు పైకి తీద్దామని.

ముందు 'మహర్షి' (1987). ఇది గోదావరి సినిమా కాదు, గోదావరివాడు తీసిన సినిమా. పసలపూడి వంశీ అనగానే అందరికీ నవ్వు, వెటకారం, లంగా ఓణీలు, ఇసకతిన్నెలు గుర్తొస్తాయి. 'మహర్షి'లో అవేమీ లేవు. పొగరుబోతు కుర్రాడొకడు ఓ అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయికి వాడంటే గిట్టదు. సినిమా హీరో కనక చివరికి ఆ పిల్ల మనసు మారుతుందనుకుంటాం. మారదు! వాడు పిచ్చివాడైపోతాడు. 'నన్ను ప్రేమించి తీరాలి' అని వెంటపడే హీరోలకి మనవాళ్లు ఈలలేసి చప్పట్లు కొట్టిన రోజుల్లో, ఆ వెంటపడ్డం ఎక్కడికి పోతుందో చూపించిన సినిమా. ఆడకపోవడంలో ఆశ్చర్యమేముంది? 'మాటరాని మౌనమిది' మాత్రం ఇవాళ్టికీ రేడియోలో వినిపిస్తూనే ఉంది. ఇంట్లో కాలేజీకి వెళ్లే మగపిల్లలుంటే వాళ్లతో కలిసి చూడండి. కాస్త బరువుగానే ఉంటుంది, ముందే చెబుతున్నా.

అన్నట్టు, ఈ మునిగిన సినిమాలు కొందరికి ఇంటిపేర్లు ఇచ్చి వెళ్లాయి. అందులో వేసిన రాఘవ అప్పట్నుంచీ 'మహర్షి' రాఘవే. అలాగే రంగారావు అంటే ఏ రంగారావని అడుగుతారు. 'సాక్షి' రంగారావు అంటే చాలు, ఆ గుండ్రటి మొహం కళ్లముందుకొస్తుంది. మరి ఆ 'సాక్షి' ఏమిటో ఎంతమందికి తెలుసు?

అసలు ఈ వారం నేను చెప్పదల్చుకున్నది ఆ సినిమా గురించే.

'సాక్షి' 1967లో వచ్చింది. నరసాపురంలో పుట్టిన బాపుకి దర్శకుడిగా మొదటి సినిమా. కథ, మాటలు ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణవి. నలుపు తెలుపుల్లో, స్టూడియో సెట్ల జోలికి పోకుండా ఆత్రేయపురం దగ్గర పులిదిండి ఊళ్లో తీశారు. పూతరేకులు తెచ్చుకోడానికి ఆత్రేయపురం వెళ్లేవాళ్లలో పక్కనే ఇంత కథ జరిగిందని తెలిసినవాళ్లు ఎందరుంటారు! కృష్ణ అప్పటికి కొత్తవాడు. అంతకుముందు ఏడాదే 'గూఢచారి 116'గా తుపాకీ పట్టుకుని గెంతాడు. ఆ జేమ్స్‌బాండుని తీసుకొచ్చి, బాపు బల్లకట్టు నడిపే అమాయకుడిగా నిలబెట్టాడు. విజయనిర్మలతో కృష్ణ కలిసి నటించిన మొదటి సినిమా కూడా ఇదే.

బల్లకట్టంటే ఇప్పటి పిల్లలకి చెప్పాలి. పడవల మీద బల్లలు పరిచి కట్టి, మనుషుల్నీ సైకిళ్లనీ బళ్లనీ ఒడ్డు దాటించే ఏర్పాటు. పెద్ద పాయల మీదైతే పంటు. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చేదాకా అటు పోవాలంటే రేవులో పంటు కోసం పడిగాపులే. బల్లకట్టువాడికి ఊరంతా తెలుసు, ఊరందరికీ వాడు తెలుసు. ఎవరికీ చెడ్డవాడు కాదు. ఎవరికీ అంత ముఖ్యమైనవాడూ కాదు.

అలాంటి కిష్టప్ప ఓ హత్య చూస్తాడు. చంపినవాడు ఫకీరు, ఊరికి పీడ. 'నువ్వు చూశావు కదా, సాక్ష్యం చెప్పు, ఊరికి మంచి జరుగుతుంది' అని అందరూ వీణ్ని ఎగదోస్తారు. వీడు చెప్పేస్తాడు. ఫకీరు జైలుకి పోతాడు, పోతూ పోతూ తిరిగొచ్చి చంపుతానంటాడు. అక్కడిదాకా మామూలు కథే. తర్వాత ఫకీరు వస్తున్నాడని తెలిసినప్పుడు మొదలవుతుంది అసలు సినిమా. నిన్నటిదాకా కిష్టప్ప భుజం తట్టినవాళ్లంతా ఒక్కొక్కరే తలుపులేసుకుంటారు. వాడి పక్కన నిలబడేది ఒక్కతే, చుక్క. ఆ చుక్క ఎవరనుకున్నారు? ఫకీరు చెల్లెలు!

ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్లకి 'హై నూన్' (1952) గుర్తు రావచ్చు. ఆ ఛాయ ఉంది, కాదనను. కానీ అందులో గ్యారీ కూపర్ చేతిలో తుపాకీ ఉంది, ఛాతీ మీద బిళ్ల ఉంది. కిష్టప్పకి ఏముంది? బల్లకట్టు. వాడు వీరుడు కాదు, భయపడతాడు. మన కళ్లముందే వణికిపోతాడు. తెలుగు సినిమాలో హీరో అంత నిజంగా భయపడ్డం నేను మళ్లీ పెద్దగా చూళ్లేదు. 1968లో తాష్కెంట్ చిత్రోత్సవంలోనూ చూపించారీ సినిమాని. ఆరుద్ర రాసిన 'అమ్మకడుపు చల్లగా' పాట మీలో చాలామందికి తెలుసు. పాత పాటల కార్యక్రమాల్లో వినే ఉంటారు. ఆ పాట వెనక ఎంత భయం ఉందో తెలియాలంటే సినిమాలో చూడాలి. హాయిగా వినే పాట ఒక్కసారిగా గుండె పట్టేస్తుంది.

దూరదర్శన్‌లో వారానికో సినిమా వేసే రోజుల్లో మా ఇంట్లో ఇది చూశాం. మండువా లోగిలి, ఒక్క టీవీ, పాతికమంది జనం. మా పెదనాన్న పడక్కుర్చీలో కూర్చుని మొదట్నుంచీ రాజబాబుని చూసి పగలబడి నవ్వుతున్నాడు. కిష్టప్ప సాయం కోసం ఒక్కో గడపా ఎక్కే చోటికొచ్చేసరికి చప్పున లేచి వీధి అరుగు మీదకి వెళ్లి చుట్ట ముట్టించాడు. మళ్లీ లోపలికి రాలేదు.

ఆయనెందుకు వెళ్లిపోయాడో చాన్నాళ్ల తర్వాత మా అమ్మ చెప్పింది. ఊళ్లో ఓ గట్టు తగాదాలో ఒకతన్ని చితకబాదారట. పొలం నుంచి వస్తూ పెదనాన్న చూశాడు. అడగడానికి వచ్చినప్పుడు మాత్రం "ఆ పూట నేను ఊళ్లో లేనండీ" అన్నాడట. దెబ్బలు తిన్నతను కేసు ఓడిపోయి, పొలం అమ్ముకుని ఎటో వెళ్లిపోయాడు. పెదనాన్న చెడ్డవాడు కాదు. తలుపు వేసుకున్నాడు, అంతే.

'గోదావరి సినిమా' అంటే మనకో లెక్క ఉంది. పాపికొండలు, లాంచీ, పొగమంచు, పూతరేకులు, "ఆయ్" అనే మనుషులు. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా పడవలో సాగే బాపు 'అందాల రాముడు' (1973) గానీ, ఆ దారినే మళ్లీ వెళ్లిన శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) గానీ నాకూ ఇష్టమే. వాటిని నేను కొత్తగా సిఫార్సు చెయ్యక్కర్లేదు. కానీ 'సాక్షి'లో బాపు నది అందం చూపించడానికి ఆగడు. అక్కడ నీళ్లు బతుకుతెరువు. మనుషులు కూడా అంతే, అందంగా మాట్లాడతారు, అవసరానికి మొహం చాటేస్తారు. మనల్ని అంత ప్రేమగా ఎరిగినవాడే అంత మాట అనగలడు.

నిజం చెప్పి ఇరుక్కున్న గోదావరివాడు ఇంకొకడున్నాడు. వాడి కథ మాత్రం నవ్వు నవ్వు. వంశీ 'ఏప్రిల్ 1 విడుదల' (1991). ఎం.ఐ.కిషన్ నవల 'హరిశ్చంద్రుడు అబద్ధమాడితే' దీనికి మూలం. రాజమండ్రిలో దివాకరం అని ఒకడు. నోరు తెరిస్తే కోత. మనసుపడ్డ భువనేశ్వరిని మెప్పించడానికి వాడు చెప్పని అబద్ధం లేదు, చెయ్యని మోసం లేదు. ఉద్యోగం మీద ఆ అమ్మాయి రాజమండ్రి వచ్చాక వీడి బండారం బయటపడుతుంది. అప్పుడు ఆవిడ పెట్టే షరతు చూడండి... ఏప్రిల్ ఒకటో తారీఖు దాకా నిజం తప్ప ఇంకోటి పలక్కూడదు. పలికితే పెళ్లి లేదు!

ఇక చూస్కోండి. ఇన్నాళ్లూ అబద్ధాలతో వాడు సుఖంగా ఉన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లూ సుఖంగానే ఉన్నారు. నిజం మొదలుపెట్టగానే పక్కిళ్ల కాపురాల్లో చిచ్చు. నిన్నటిదాకా 'అబద్ధాలకోరు వెధవ' అని తిట్టినవాళ్లే 'ఒక్క అబద్ధం చెప్పి పుణ్యం కట్టుకోరా' అని గడ్డం పట్టుకుంటారు. రాజేంద్రప్రసాద్, శోభన ఇద్దరూ బావుంటారుగానీ, నాకు ఆ చుట్టుపక్కలవాళ్లే ఎక్కువ ఇష్టం. మల్లికార్జునరావు, రాళ్ళపల్లి, కృష్ణభగవాన్... ఒక్కొక్కళ్లూ మన వీధిలోంచి నడిచొచ్చినట్టుంటారు. 'లేడీస్ టైలర్' గురించి చెప్పుకున్నంతగా దీని గురించి చెప్పుకోరు. నన్నడిగితే దీనికే ఓ మార్కు ఎక్కువేస్తాను. పైగా ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. 'లేడీస్ టైలర్'కీ, 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్'కీ ఆ హామీ ఇవ్వలేను. రెండోది వచ్చినప్పుడు జనం తిప్పికొట్టారు. తర్వాత టీవీల పుణ్యమా అని దానికో అభిమాన సంఘమే తయారైంది. నేనూ సభ్యుణ్నే. అయినా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే ముందు ఒకసారి మీరు చూసుకోండి.

'సాక్షి' తర్వాత బాపు తీసిన 'బంగారు పిచిక' (1968) కూడా నిలబడలేదు. చంద్రమోహన్, విజయనిర్మల. బాపుకి ఆ కథ మీద మమకారం పోలేదు కాబోలు, ఇరవయ్యారేళ్ల తర్వాత 1994లో 'పెళ్లికొడుకు' పేరుతో మళ్లీ తీశాడు. హీరో ఎవరో తెలుసా? నరేష్. మొదటి సినిమా హీరోయిన్ కొడుకు! బాపు-వంశీల మధ్యా ఇలాంటి ముడే ఒకటుంది. వంశీ 'మా పసలపూడి కథలు' స్వాతిలో వచ్చినప్పుడు బొమ్మలేసింది బాపే.

2011లో రమణ, 2014లో బాపు వెళ్లిపోయారు. 2019లో విజయనిర్మల, 2022లో కృష్ణ. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి గట్టున ఓ పెద్ద నిద్రగన్నేరు చెట్టుండేది. నూట యాభై ఏళ్ల చెట్టనేవారు, దాని కింద మూడొందల సినిమాల దాకా తీశారనేవారు. 'సినిమా చెట్టు' అనే పిలిచేవారు. 2024 ఆగస్టులో అదీ కూలింది. ఫొటోలు తీసుకోడానికి జనం బారులు తీరారు. ఫొటోలు సరే, ఆ నీడలో ఏం సినిమాలు తీశారో కూడా ఓసారి చూస్తే బావుంటుంది కదా అనిపించింది.

చూడాలంటే కష్టమేం లేదు. ఒకప్పుడు వీసీడీ షాపులో దుమ్ము దులిపి వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు పాత సినిమాలు చాలావరకు యూట్యూబ్‌లోనే దొరుకుతున్నాయి. బొమ్మ అలుక్కుపోయి ఉండొచ్చు, మాట కాస్త గరగరలాడొచ్చు. ఓ పదినిమిషాలు ఓపిక పట్టండి, అలవాటైపోతుంది. ఈ వారానికి 'ఏప్రిల్ 1 విడుదల', వచ్చే వారానికి 'సాక్షి' పెట్టుకోండి. నవ్వించేది ముందు పెడితే ఇంట్లోవాళ్లు రెండోదానికి నమ్మకంగా కూర్చుంటారు.

నేనూ అలాగే చేశాను. మా పెదనాన్నకి పెద్దవయసొచ్చాక ఓ సంక్రాంతికి ముందు దివాకరం సినిమా పెట్టాను. కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "అబద్ధమాడకుండా మన గోదావరి జిల్లాల్లో అన్నాళ్లే!" అన్నాడు. మర్నాడు 'సాక్షి' పెట్టబోతే ఆయనే పేరు గుర్తుపట్టాడు. వద్దన్నాడు. కాసేపాగి, "ఇంతకీ ఆ బల్లకట్టు కుర్రాడు చివరికి బతికాడట్రా?" అన్నాడు.

"నువ్వే చూడు పెదనాన్నా" అన్నాను.

"నేను చూళ్లేన్లే. నువ్వు చెప్పు" అన్నాడు.