పరిచర్య అంటే ఖాళీ లేకపోవడమా?

నేను తెలుగు చదవడం చర్చి పాటల పుస్తకంతో నేర్చుకుంటున్నాను. అందుకే ‘పరిచర్య’ లాంటి పెద్ద మాట నాకు ముందే వచ్చింది. పరిచర్య అంటే సేవ. కానీ అమెరికాలో మా తెలుగు సంఘంలో దానికి ‘ఖాళీ లేకపోవడం’ అనే అర్థం వచ్చేసింది. కీబోర్డు వాయించే అక్కే స్లైడ్లు చేస్తుంది, సండే స్కూల్లో కథ చెబుతుంది, చివరికి కుర్చీలూ సర్దుతుంది. అన్నిటికీ “సరే ఆంటీ” అంటుంది కాబట్టి ఎంత వినయమో అని అందరూ మెచ్చుకుంటారు.

నేను ఒప్పుకోను. వినయం ఉన్నవాళ్లు పని వేరేవాళ్లకి ఇవ్వగలగాలి.

బాఖ్‌ని చూడండి. 1723లో లైప్‌జిగ్‌లో చేరాక, మొదటి కొన్నేళ్లు దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కాంటాటా సిద్ధం చేశాడు. అన్నీ కొత్తవి కావు, తన పాత సంగీతాన్ని మళ్లీ వాడుకున్నాడు. బడిలో లాటిన్ చెప్పే పనిని డబ్బిచ్చి ఇంకొకరికి అప్పగించాడు! అదే మనిషి చాలా రాతప్రతుల చివర ‘దేవునికే మహిమ’ అని లాటిన్‌లో పొడి అక్షరాలతో రాసుకున్నాడు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తన ఒక్కటి సరిగ్గా వాయించాలన్నా వారాల సాధన కావాలి. అక్కకి ఆ తీరిక ఏది?

ఒక నెల ఆమెకి కీబోర్డు మాత్రమే ఉంచండి. స్లైడ్లు నేను చేస్తాను. ఒత్తులు తప్పుతాయి, ముందే చెబుతున్నా.