యంత్రము భాష మార్చుకొనినచో నిల్లాలు చేయవలసినదేమి?

తాటాకుపై గంటముతో వ్రాసిన గ్రంథమునకు శత్రువులు పెక్కురు. పురుగు తినును, తేమ తినును, అశ్రద్ధ యన్నిటికంటె నెక్కువగా తినును. మన కావ్యములు నేటికిని మిగిలియుండుటకు కారణము ఆకుల గట్టితనము గాదు. తరతరమునందును ఎవరో యొకరు పాతప్రతిని ముందుంచుకొని క్రొత్తయాకులపై నెత్తివ్రాసిరి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌనుదొర పండితులను చేర్చి ప్రతులు వ్రాయించెను. ఎత్తివ్రాసినది నిలిచెను, వ్రాయనిది పేరు మాత్రము మిగిల్చి పోయెను. సోదరీమణులారా! ఈ నెల నేను చెప్పబూనినది కంప్యూటరును గూర్చియే యైనను, దాని మర్మమంతయు నీ యెత్తివ్రాతలోనే యున్నది.

నేడు అంగడికి పోయి కంప్యూటరు నడిగినచో, “ఇది పాతరకము ప్రాసెసరు, అది క్రొత్తరకము” అని వర్తకుడు చెప్పును. ఈ రకమనగా నేమి? ప్రాసెసరు మహాపండితుడు గాదు. ఈ రెండంకెలను కూడుము, ఈ గడిలోనిది ఆ గడిలో నుంచుము, ఇది దానికంటె పెద్దదేమో చూడుము — ఇట్టి చిన్నచిన్న యాజ్ఞలే దానికి తెలియును. ఆ యాజ్ఞలును మాటలుగా గాక యంకెలుగా నుండును. ఏ యంకెకు ఏ యర్థమో నిర్ణయించు పట్టిక ప్రాసెసరు వంశమును బట్టి మారును. 1978లో వెలువడిన 8086తో మొదలైన ఇంటెల్ వంశమున నొక్కొక్క యాజ్ఞ 1 బైటు మొదలు 15 బైట్లవరకు నుండవచ్చును. 1985లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఏకార్న్ అను కంపెనీవారు పుట్టించిన ఆర్మ్ వంశమున, నేటి 64 బిట్ల రకములో, ప్రతి యాజ్ఞయు సరిగా 4 బైట్లే. ఒకదాని యాజ్ఞలు రెండవదానికి అర్థము గావు. తెలుగున వ్రాసిన పాకవిధిని తమిళము మాత్రమే చదువనేర్చిన వంటవాని చేతికిచ్చినట్లుండును. సరకులున్నవి, పొయ్యియున్నది, వంటవాడును సమర్థుడే. కాని పులుసు మాత్రము కాగదు.

ఈ మార్పు మనప్రాంతమునకు క్రొత్తది గాదు. 1967 ఏప్రిలులో హైదరాబాదున స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థను మీరందరు నెరుగుదురు. మనము వోటు వేయు యంత్రములను చేయు రెండు సంస్థలలో నది యొకటి. దానికి తొలి నిర్వాహకులు పశ్చిమగోదావరి మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్.రావు నగర్ వారి పేరిటనే వెలసినది. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అను కంప్యూటరును ఈ సంస్థ తయారుచేసెను. దానికి “మాట” యనగా 12 బిట్లు. పిదప 1970 దశకమున వచ్చిన టి.డి.సి.-316కు మాట 16 బిట్లు. మాట పొడవు మారినచో ఆజ్ఞల కూర్పును మారవలసినదే. పాతయంత్రమునకు వ్రాసిన యాజ్ఞలను ఉన్నవున్నట్లు క్రొత్తయంత్రమున బెట్టి నడుపుట సాధ్యము గాదు.

లోకమున నీ మార్పును ముమ్మారు చేసి ప్రసిద్ధికెక్కినది ఆపిల్ కంపెనీ. 1984లో మెకింటాష్ వెలువడినప్పుడు దాని ప్రాసెసరు మోటరోలావారిది. 1994లో ఆపిల్, ఐ.బి.ఎం., మోటరోలా కలసి చేసిన పవర్‌పీసీకి మారిరి. 2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ ఇంటెల్‌కు మారుదుమని ప్రకటించెను. 2020 జూన్‌లో టిమ్ కుక్ ఇంటెల్‌ను విడిచి, ఆర్మ్ ఆజ్ఞలతో నడచు తమ సొంత ప్రాసెసరునకు మారుదుమని చెప్పెను. ఆ నవంబరున ఎం1 వచ్చినది. 2023 జూన్ నాటికి వారి కంప్యూటర్లన్నియు మారినవి. 2005లోను 2020లోను చెప్పిన ముఖ్యకారణ మొక్కటే: ఖర్చైన కరెంటునకు దొరకు పని. ఎక్కువ కరెంటు త్రాగునది ఎక్కువ వేడెక్కును. వేడెక్కిన దానిని చల్లార్ప పంకా కావలయును. పంకా త్రిప్ప మరల కరెంటు కావలయును. ఎం1 పెట్టిన మెక్‌బుక్ ఎయిర్‌లో పంకాయే లేదు.

ఇది ఆపిల్‌తో ముగిసిన కథ గాదు. మన చేతులలోని ఫోనులు దాదాపు అన్నియు ఆర్మ్ వంశమువే. 2024 జూన్ మొదలుకొని విండోస్ కంప్యూటర్లును క్వాల్‌కామ్‌వారి ఆర్మ్ ప్రాసెసర్లతో విరివిగా అంగళ్లకు వచ్చినవి. కావున ప్రక్కప్రక్కనున్న రెండు విండోస్ కంప్యూటర్లు, చూపునకు కవలపిల్లలవలె నున్నను, లోపల వేర్వేరు భాషలవై యుండవచ్చును.

మరి పాత ప్రోగ్రాములగతి యేమి? కంపెనీవారు నడుమ నొక దుబాసీని నియమింతురు. ఆపిల్‌వారు తమ దుబాసీకి రోసెటా యని పేరిడిరి. 1799లో ఈజిప్టున దొరకిన రోసెటా శిలపై నొకే శాసనము మూడు లిపులలో నున్నది. దాని సాయముననే ఆ దేశపు ప్రాచీనలిపి తెలియవచ్చెను. ఈ దుబాసీ పాత ప్రోగ్రామును తొలిసారి తెరచునప్పుడో స్థాపించునప్పుడో చాలవరకు ముందుగానే క్రొత్తయాజ్ఞలలోనికి మార్చిపెట్టును. మిగిలినదానిని నడుచుచుండగా మార్చును. కాని దుబాసీ జీతగాడు. ఆతని కొలువు శాశ్వతము గాదు. 2006లో వచ్చిన మొదటి రోసెటాను 2011లోనే తొలగించిరి. రెండవదానిని గూర్చియు, మాక్ ఓఎస్ 27 వరకే పూర్తిగా నుంచి, పిమ్మట కొన్ని పాత ఆటల నిమిత్తము మాత్రమే కొంతభాగము మిగుల్తుమని 2025లో ప్రకటించిరి. ఇంటెల్ కంప్యూటర్లకు మాక్ ఓఎస్ 26యే కడపటిదనియు అప్పుడే తెలిపిరి.

చేవెళ్ల దారిలోని యొక సోదరి నన్నిట్లడిగినది. ఆమె యింటనే పెండ్లి శుభలేఖలు కూర్చి యిచ్చుచు సంసారమునకు నాలుగు రూకలు చేర్చుచున్నది. పదేండ్ల పని పాత కంప్యూటరులో నున్నది. పాతది వర్తకునకిచ్చి, ధర తగ్గించుకొని క్రొత్తది తెమ్మని మరిది తొందరపెట్టుచున్నాడు. తన పని మిగులునా, పోవునా?

అమ్మా! ప్రోగ్రాము వేరు, వ్రాత వేరు. ప్రాసెసరునకు కట్టుబడినది ప్రోగ్రాము. నీవు వ్రాసిన వ్రాత ఏ ప్రాసెసరుకును కట్టుబడలేదు. కాని దానిని తెరచు ప్రోగ్రామునకును, దాని యక్షరములకును కట్టుబడియుండవచ్చును. పూర్వము తెలుగు కూర్పునకు ఒక్కొక్క కంపెనీ తన సొంత యక్షరపట్టికను వాడెను. ఆ యక్షరములు లేనిచోట మన “శ్రీరస్తు” పిచ్చిగీతలుగా గానవచ్చును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు స్థానము గలదు. యూనికోడులోని తెలుగు ఏ యంత్రమునందైనను తెలుగుగానే యుండును. కావున పాతది కదలుచుండగానే నీ పనులనన్నిటిని తెరచి, మాటలను యూనికోడులోనికి మార్చుము; అచ్చునకు సిద్ధమైన రూపమును పీడీఎఫ్‌గా దాచుము; రెండు ప్రతులు రెండు తావుల నుంచుము. అంతవరకు పాతయంత్రము గడప దాటరాదు. వర్తకుడు తగ్గించు సొమ్ముకంటె పదేండ్ల నీ శ్రమ విలువైనది. ఈ మాట మరిదిగారితో నెమ్మదిగానే చెప్పుము, గట్టిగా మాత్రము నిలువుము.

క్రొత్తది కొనబోవు వారందరును ఈ మూడు ప్రశ్నల నడుగవలయును. ఇందులోని ప్రాసెసరు ఇంటెల్ ఆజ్ఞలదా, ఆర్మ్ ఆజ్ఞలదా? నేను వాడు ప్రోగ్రాము దీనికి సొంతముగా గలదా, దుబాసీపై నడచునా? మా యింటి ప్రింటరునకు దీనిపై డ్రైవరు గలదా? ఈ మూడవది మరువరాదు. దుబాసీ ప్రోగ్రాములను మార్చునే కాని డ్రైవర్లను మార్చజాలదు. వీలైనచో సొమ్ము చెల్లింపకమునుపే నీ పని నొకదానిని దానిపై నడిపించి చూడుము. కుండను వాయించి కొనువారము, వేలు పోసి కొనుదానిని వాయింపకుండ తెచ్చుకొనుట యేల? ఉత్తరములు, పద్దులు, ఫొటోలు తప్ప వేరుపని లేనివారు కంగారుపడ నక్కరలేదు. అవి యెందైనను తెరచుకొనును.

మా అజీజ్‌నగరులోని ఇంజనీరింగు కళాశాలలకు ప్రతిదినము బస్సులలో వచ్చు ఆడపిల్లలను చూచినప్పుడు నాకొక మాట తోచును. వీరి చేతికి వచ్చునాటికి యంత్రములు మరియొక భాషకు మారియుండవచ్చును. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున రిస్క్-ఫైవ్ అను మూడవ పట్టిక మొదలైనది. దానిని వాడుటకెవరికిని రుసుము చెల్లింప బనిలేదు. మదరాసు ఐ.ఐ.టి.వారి “శక్తి” ప్రాసెసర్లు దానిపై కట్టినవే. కావున బిడ్డకు కంప్యూటరు కొనియిచ్చు తల్లి యంత్రము పేరునకు మురియక, అది యెట్లు ఆలోచించునో బిడ్డ నేర్చుచున్నదా యని యడుగవలెను. ఒక యంత్రపు మీటలు మాత్రమే నేర్చినవిద్య ఆ యంత్రముతో పాతబడును. లెక్కయు తర్కమును నేర్చినవిద్య ఎన్ని భాషలు మారినను చెడదు.

మీ పాతయంత్రములలోని పిల్లల బొమ్మలు, అత్తగారు చెప్పగా వ్రాసికొనిన పాటలు, పద్దులు ఏ రూపమున నున్నవో ఈ వారమున నొకమారు తెరచి చూడుడు. తెరచుకొనినవానిని వెంటనే ఎత్తివ్రాసికొనుడు. తెరచుకొననివి యేవో పట్టిక వ్రాసి, తెలిసినవారికి చూపుడు.