అనుభవమే జీతమా?

1995లో బీజింగ్‌లో జరిగిన నాలుగవ ప్రపంచ మహిళా సదస్సు ప్రభుత్వాలకు ఒక బాధ్యత అప్పగించింది. స్త్రీలు జీతం లేకుండా చేస్తున్న పనిని లెక్కించండి, గణాంకాలలో కనిపించేలా చూడండి అని కార్యాచరణ ప్రణాళికలో రాసుకున్నారు. వంట, నీళ్ళు, పశువులు, పిల్లలు, మంచాన పడిన పెద్దవాళ్ళు - ఇదంతా పనేనని ఒప్పించడానికి స్త్రీల ఉద్యమాలకు దశాబ్దాలు పట్టింది. ఆ సదస్సును నిర్వహించిన ఐక్యరాజ్యసమితి మాత్రం తన సొంత ఇంట్లో ఈనాటికీ జీతం లేని పనిని నడుపుకొస్తోంది. దాని పేరు ఇంటర్న్‌షిప్.

న్యూయార్క్, జెనీవా, వియన్నా, నైరోబీలలోని సమితి సచివాలయ కార్యాలయాలలో ఇంటర్న్‌లు రెండు నుండి ఆరు నెలల పాటు పూర్తికాలం పనిచేస్తారు. సమావేశాలలో నోట్సు రాసుకుంటారు, నివేదికలకు సమాచారం ఏరుతారు, ముసాయిదాలు తయారు చేస్తారు. దీనికి జీతం లేదు, స్టైపెండ్ కూడా లేదు. విమానం టికెట్టు, వీసా, గది అద్దె, ఆరోగ్య బీమా అన్నీ వాళ్ళే పెట్టుకోవాలి, లేదా వాళ్ళను పంపిన విద్యాసంస్థ పెట్టుకోవాలి. వీళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. లింగ వివక్ష మీద, పేదరికం మీద, శ్రమ దోపిడీ మీద తయారయ్యే పత్రాలలో వీళ్ళ చేతి పని ఉంటుంది. పేరు మాత్రం ఉండదు.

చాలా ఏళ్ళుగా నేను సామాజిక శాస్త్రం ఎం.ఏ. విద్యార్థినులకు సిఫారసు లేఖలు రాస్తున్నాను. ఎంపికై కూడా వెళ్ళలేకపోయిన వాళ్ళు నాకు తెలుసు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి వెళ్ళొచ్చిన వాళ్ళూ తెలుసు. అలా ఒక అంతర్జాతీయ సంస్థలో పనిచేసి వచ్చిన అమ్మాయి చెప్పిన జెనీవా, పోస్టుకార్డులో కనిపించే జెనీవా కాదు. నగరంలో గది దొరకదు, దొరికినా అద్దె కట్టలేరు. అందుకని సరిహద్దు దాటి ఫ్రాన్సులోని ఆన్మాస్‌లో మరో ముగ్గురితో కలిసి ఉంది. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం. సాయంత్రం ఏదైనా సభ తర్వాత విందు ఉంటే అక్కడి చిరుతిండ్లతోనే రాత్రి భోజనం అయిపోయేది. ఆ విందులకు కట్టుకోవడానికి రెండు చీరలు, ఒక కోటు ఉండేవి. పొద్దున మళ్ళీ మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఆహార భద్రత మీద నోట్సు రాసేది.

2020 సెప్టెంబరులో జెనీవా రాష్ట్ర ఓటర్లు గంటకు 23 ఫ్రాంకుల కనీస వేతనానికి ఆమోదం తెలిపారు. నవంబరు 1 నుండి అది అమలులోకి వచ్చింది. అక్కడి హోటల్లో గిన్నెలు కడిగే మనిషికి, ఇళ్ళు ఊడ్చే మనిషికి కనీస వేతనం వర్తిస్తుంది. కానీ అంతర్జాతీయ సంస్థలకు స్థానిక శ్రమ చట్టాల నుండి మినహాయింపు ఉంది. యుద్ధాల మధ్య, ప్రభుత్వాల ఒత్తిళ్ళ మధ్య స్వతంత్రంగా పనిచేయడానికి ఇచ్చిన రక్షణ అది. ఇరవై మూడేళ్ళ పిల్లకు కూలి ఎగ్గొట్టడానికి దాన్ని అడ్డం పెట్టుకోవడం ఏ న్యాయం?

2015 ఆగస్టులో న్యూజిలాండుకు చెందిన 22 ఏళ్ళ యువకుడు, సమితిలో ఇంటర్న్‌గా పనిచేస్తూ జెనీవా సరస్సు ఒడ్డున డేరా వేసుకుని ఉంటున్నాడని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. సమస్యను వెలుగులోకి తేవడానికే ఆ పని చేశానని అతను తర్వాత చెప్పాడు. 2019లో వచ్చిన 'కాల్ మీ ఇంటర్న్' అనే డాక్యుమెంటరీ కూడా ఆ ప్రయత్నంలోదే. అతని ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ డేరాలో మన అమ్మాయి ఉండగలదా? రాత్రి సరస్సు ఒడ్డున ఒంటరిగా పడుకోవడం ఒక ఆడపిల్లకు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? బస చిరునామా, బ్యాంకు నిల్వ చూపితే తప్ప వీసా దొరకని పాస్‌పోర్టు ఆమెది. పోలీసులు వచ్చి అడిగితే ఆమె నిరసనకారిణి కాదు, అక్రమ వలసదారు. పేదరికాన్ని ప్రదర్శించడానికి కూడా ఒక చర్మం రంగు, ఒక దేశం పాస్‌పోర్టు కావలసి వస్తోంది.

అంతా ఉన్నవాళ్ళ పిల్లలే కదా, మనకెందుకు ఈ గొడవ అని కొందరు మిత్రులు అంటారు. ఉన్నవాళ్ళ పిల్లలే ఎందుకు ఉన్నారన్నదే అసలు ప్రశ్న. ఆరు నెలలు జీతం లేకుండా ఐరోపాలో బతకగలిగిన వాళ్ళకే ఆ తలుపు తెరుచుకుంటోంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని యూనివర్సిటీ దాకా వచ్చిన దళిత అమ్మాయికి అది తెరుచుకోదు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే విదేశీ విద్యా స్కాలర్‌షిప్పు ఎం.ఏ.కు, పిహెచ్.డి.కి పనికొస్తుంది, ఇలాంటి పని అనుభవానికి కాదు. ఆ తర్వాత ఉద్యోగ ప్రకటన వస్తుంది. 'అంతర్జాతీయ సంస్థలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం' అని ఉంటుంది. పదేళ్ళ తర్వాత మన జిల్లాలకు వచ్చి, మన స్వయం సహాయక బృందాలను ప్రశ్నలడిగి, మన మీద నివేదిక రాసే నిపుణులు ఎవరో ఆ మొదటి ఆరు నెలల్లోనే తేలిపోతోంది. కులం, వర్గం ఇక్కడ ఎవరినీ గుమ్మం దగ్గర ఆపవు. ఖర్చుల పట్టిక చూపించి ఊరుకుంటాయి.

మరి కొందరు, ఎవరూ బలవంతం చేయలేదు కదా, ఇష్టపడే వెళ్తున్నారు కదా అంటారు. ఈ వాదనకు మన దేశంలో 1982లోనే జవాబు దొరికింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు మనిషి పనిచేస్తున్నాడంటే వెనుక ఏదో ఒత్తిడి ఉన్నట్టేనని, ఆకలి, అవసరం కూడా బలవంతమేనని, అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికి వస్తుందని చెప్పింది. ఇంటర్న్‌షిప్‌ను నేను వెట్టి అనడం లేదు. తెలంగాణ గ్రామాలలో ఆ మాట వెనుక ఎంత నెత్తురు ఉందో మనకు తెలుసు. నేననేది ఒక్కటే. వేరే దారి లేనప్పుడు చేసిన సంతకాన్ని ఇష్టం అని పిలవకూడదు.

విచిత్రమేమంటే 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటనలో కూడా వేతనం గురించి చెప్పేది 23వ అధికరణమే. సమాన పనికి సమాన వేతనం, పనిచేసే ప్రతి ఒక్కరికీ గౌరవంగా బతకగలిగే ప్రతిఫలం అని అది అంటుంది. ఆ ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అన్న అర్థం వచ్చే మాటను తీయించి 'మానవులందరూ' అని మార్పించినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆమె సాధించిన ఆ మాటలో జీతం లేని ఈ పిల్లలు లేరా?

జీతం లేకపోవడం డబ్బుతో ఆగిపోయే విషయం కాదు. జీతం లేని మనిషి ఉద్యోగి కాదు. ఉద్యోగి కాకపోతే హక్కులూ సగమే. సమితి అంతర్గత వివాదాల పరిష్కారానికి 2009లో ఏర్పాటైన ట్రిబ్యునల్‌కు వెళ్ళే అర్హత ఇంటర్న్‌లకు లేదు. 2018లో సమితి తన సిబ్బందిలో జరిపించిన సర్వేకు 30 వేల మందికి పైగా జవాబిచ్చారు. గత రెండేళ్ళలో ఒక్కసారైనా లైంగిక వేధింపుకు గురయ్యామని వాళ్ళలో మూడోవంతు మంది చెప్పారు. సర్వే అందిన వాళ్ళలో జవాబిచ్చింది 17 శాతమే. అలాంటి చోట, సిఫారసు లేఖ కోసం అధికారి సంతకం మీద ఆధారపడిన అమ్మాయి నోరు విప్పడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మన చట్టం మెరుగు. 2013 చట్టం శిక్షణలో ఉన్నవాళ్ళను, జీతం లేకుండా పనిచేసేవాళ్ళను కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది.

ఈ తర్కం జెనీవాలో పుట్టి అక్కడే ఆగలేదు. 2005 నుండి పల్లెల ఆరోగ్యాన్ని మోస్తున్న ఆశా కార్యకర్తలను ప్రభుత్వం స్వచ్ఛంద కార్యకర్తలంటుంది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. చప్పట్లు మోగాయి, జీతం మాత్రం స్థిరపడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుండి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ అక్కలదీ ఇదే కథ. జీతం అడిగితే గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తలన్నారు. సమ్మె చేస్తే అత్యవసర సేవలని ఎస్మా ప్రయోగించారు. జెనీవాలో ఇంటర్న్‌కు, మన ఊళ్ళో అంగన్‌వాడీ అక్కకు పోలిక లేదని నాకు తెలుసు. ఒకరికి డిగ్రీ, రేపటి మీద ఆశ ఉన్నాయి. మరొకరు ఇరవై ఏళ్ళుగా అదే ఆయాలతో, అదే రిజిస్టర్లతో ఉన్నారు. కానీ యజమాని వాడే ఎత్తు ఒకటే. ఒకచోట దాన్ని అనుభవం అంటారు, ఇంకోచోట సేవ అంటారు, ఇంట్లో ప్రేమ అంటారు. జీతం అన్న ఒక్క మాట తప్ప ఏ మాటైనా వాడతారు.

మార్చడం సాధ్యం కాదనడం అబద్ధం. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుండి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటర్న్‌లలో కనీసం సగం మంది పేద, మధ్య ఆదాయ దేశాల నుండి రావాలని 2018లోనే తీర్మానం చేసుకుంది. ఐరోపా యూనియన్ దౌత్య కార్యాలయంలో జీతం లేకుండా పనిచేసిన ఒక ఆస్ట్రియా యువతి ఫిర్యాదు మీద, 2017లో అక్కడి అంబుడ్స్‌మన్ ఇంటర్న్‌లకు డబ్బు చెల్లించాలని స్పష్టంగా చెప్పారు. సమితిలోని సంయుక్త తనిఖీ విభాగం కూడా 2018 నివేదికలో స్టైపెండ్‌ను మంచి పద్ధతిగా చూపింది. నిబంధనలు మార్చవలసింది సభ్య దేశాలేనని సచివాలయం చేతులెత్తేస్తోంది. సరే, ఆ సభ్య దేశాలలో మనదీ ఒకటి. సర్వసభ్య సభలో భారత ప్రతినిధులు ఈ విషయం ఎందుకు అడగరు? స్త్రీల హక్కుల ఒప్పందం మీద మనం సమర్పించే ప్రత్యామ్నాయ నివేదికల కోసం జెనీవా వెళ్ళే మన సంఘాలు, అక్కడి కారిడార్లలో మనకు దారి చూపించే ఆ పిల్లల గురించి ఒక్క మాట ఎందుకు అనవు?

అయితే ఆ మాట అనే అర్హత ముందు మనం సంపాదించుకోవాలి. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో మన కార్యాలయాలకు ప్రతి వేసవిలో ఇంటర్న్‌లు వస్తారు. విదేశాల నుండి వచ్చేవాళ్ళు తమ యూనివర్సిటీ ఇచ్చిన డబ్బుతో వస్తారు. మహబూబ్‌నగర్ నుండి, శ్రీకాకుళం నుండి వచ్చే అమ్మాయి బస్సు చార్జీకి కూడా ఇబ్బంది పడుతుంది. ఇద్దరికీ 'నేర్చుకునే అవకాశం' ఇచ్చామని చెప్పుకుంటాం. నిధులు లేవు అన్న మాట ప్రతి యజమానీ అన్నదే. ప్రాజెక్టు బడ్జెట్‌లో వర్క్‌షాపు భోజనాలకు, బ్యానర్లకు పద్దు రాసినప్పుడు ఆ అమ్మాయి నెల ఖర్చుకు కూడా ఒక పద్దు రాయాలి. దాతలను అడిగి రాయించాలి. అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఎవరిదో ఆమెకు మొదటి రోజే చెప్పాలి. ఆమె సేకరించిన సమాచారంతో నివేదిక వస్తే దాని మీద ఆమె పేరు ఉండాలి. ఇద్దరికి ఇచ్చే డబ్బు లేకపోతే ఒక్కరినే తీసుకుందాం. ఆ ఒక్కరికైనా జీతం ఇద్దాం.