మంట లేకపోతే పరీక్ష లేదా?
(రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ)

వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ పెద్దలకు,

మాది విజయవాడ వన్ టౌన్. మా పేటలోని అర్బన్ హెల్త్ సెంటర్లో ఓపీ గది పక్కన పోయిన వారం ఒక కాగితం అంటించారు. ‘యూరిన్ కల్చర్ మంట, జ్వరం ఉన్న గర్భిణులకు మాత్రమే రాయబడును’ అని. స్కెచ్ పెన్నుతో రాశారు. సంతకం లేదు, తేదీ లేదు. ఇది మీరు చెప్పించిన మాటా, వాళ్లంతట వాళ్లు రాసుకున్నదా? ఆ సెంటర్ పేరు ఇక్కడ రాయను. రాస్తే అక్కడి నర్సమ్మకి ఒక మెమో ఇచ్చి మీరు చేతులు దులుపుకుంటారు.

మా చిన్న కోడలికి నాలుగో నెల. ఇల్లు కొండ మీద. మెట్లన్నీ దిగి ఎండలో పడి వెళితే చేతికి చిన్న డబ్బా ఇచ్చారు. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, పంపులో నీళ్లు లేవు. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్యది పట్టాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. తెచ్చినదాంట్లో స్ట్రిప్ ముంచి, రంగు చూసి, కార్డు మీద ‘ఆల్బుమిన్ నిల్, షుగర్ నిల్’ అని రాసేశారు. మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే కల్చర్ కూడా చేయిస్తారా అని అడిగితే, “నీకు మంట లేదుగా, జ్వరం లేదుగా, ఇంకెందుకమ్మా? అంత అనుమానంగా ఉంటే బయట చేయించుకో” అన్నారట, లైన్లో ఉన్నవాళ్లంతా తలతిప్పి చూసేట్టు.

ల్యాబుల్లోనే తల నెరిసినదాన్ని కాబట్టి ఆ కాగితం చదివి ఊరుకోలేకపోతున్నాను. ఏ బాధా తెలియకుండా మూత్రంలో బ్యాక్టీరియా పెరగడమే కదండీ గర్భిణుల్లో అసలు చిక్కు? మంట ఉంటేనే చేస్తామంటే, ఎవరి కోసం ఆ పరీక్ష పెట్టారో వాళ్లకే అది లేదన్నమాట. నూరు మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి పది మంది దాకా ఇలాంటివాళ్లు ఉంటారని వైద్య పుస్తకాల లెక్క. ఎక్కువగా కనిపించేది ఈ.కోలై. గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ వల్ల కిడ్నీ నుంచి దిగే నాళాలు సడలుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం నిలవుంటుంది. ఆ నిలవలో క్రిమి మెల్లగా కిడ్నీకి ఎక్కుతుంది. చలిజ్వరం, నడుం నొప్పి, వాంతులు, ఆస్పత్రి మంచం. నెలలు నిండకుండా కాన్పయ్యే భయం. ఇంత దాకా వచ్చాక గానీ ఆమెకి కల్చర్ చేయించుకునే అర్హత రాదా?

ఇదేం కొత్త సంగతి కాదు. 1950ల్లోనే బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టరు మిల్లీలీటరు మూత్రానికి లక్ష బ్యాక్టీరియా ఉంటే లెక్కలోకి తీసుకోవాలని గీత గీశారు. ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టేటప్పుడు ఇప్పటికీ మేం చూసేది ఆ లక్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సిఫార్సుల్లో కల్చరే చేయమంది. అది కుదరని చోట స్ట్రిప్ కన్నా, రంగు వేసి మైక్రోస్కోపులో బ్యాక్టీరియాను చూసే గ్రామ్ స్టెయిన్ మేలంది. బ్యాక్టీరియా ఉందని తేలితే ఏడు రోజుల యాంటీబయాటిక్ ఇమ్మంది. ఆల్బుమిన్, షుగర్ చూసే స్ట్రిప్ బ్యాక్టీరియా సంగతి చెప్పనే చెప్పదు. గ్రామ్ స్టెయిన్‌కి కావలసిందల్లా ఒక స్లైడు, నాలుగు సీసాలు, కళ్లె పరీక్షకి వాడే ఆ మైక్రోస్కోపే. దీనికీ నిధులు లేవా?

2015లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం మీ డాక్టర్లు చూపించొచ్చు. మూత్రంలో బ్యాక్టీరియా ఉండి మందు వాడకపోయినా కిడ్నీ ఇన్ఫెక్షన్ నూటికి ఇద్దరు ముగ్గురికే వచ్చిందని. నిజమే, పాత లెక్కలతో పోలిస్తే అది చాలా తక్కువ. కానీ అందులో ఉన్నది ఏ జబ్బూ లేని, ఒకే బిడ్డను మోస్తున్న తల్లులు. షుగర్‌తో, రక్తం తక్కువై వచ్చే మా పేట ఆడపిల్లలకీ అదే కొలతా? ఔనంటే సంతకం పెట్టి చెప్పండి.

సర్కారు ఆస్పత్రిలో గర్భిణికి పరీక్షలు ఉచితమని 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమం పెట్టినప్పుడే అన్నారు. మరి ఈ ‘బయట చేయించుకో’ ఎక్కడిది? ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మాది. దాని పేరు 2022లో ఒకసారి, 2024లో మరోసారి మార్చడానికి తీరిక దొరికింది. మా కార్డు మీద కల్చర్ కోసం ఒక గడి పెంచడానికి దొరకదా? శాంపిల్ రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, అది కష్టమంటారేమో. తెల్లారేసరికి కొండ మీది ఇళ్లకి పాలప్యాకెట్లు ఎక్కుతున్నాయి, కిందికి ఒక డబ్బా దిగలేదా? పంపులో నీళ్ల సంగతి ఎవరిని అడగాలో కూడా చెబితే సంతోషం.

ముందు ఆ కాగితం పీకించండి. తర్వాత ఏదో ఒక ఏర్పాటు చూడండి.

ఇది చదివే ఇళ్లవాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే తొలి చెకప్‌లోనో, 12 నుంచి 16 వారాల మధ్యనో కల్చర్ గురించి డాక్టర్ని తప్పకుండా అడగండి. రిపోర్టు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మందు రాస్తే మధ్యలో మానొద్దు, డాక్టర్ రాయకుండా మెడికల్ షాపులో అడిగి మింగొద్దు.

ఇట్లు,
వన్ టౌన్‌లో ఉండే ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్